మిల్లు నేలపై మేడలు.. మనవాళ్లకు లాటరీ చీటీలు

ముంబయిలో భూ వినియోగం మార్చారు.. ఒక్క మాట అర్థంతో వాటాలు తారుమారయ్యాయి
వలస పోయిన నేత కార్మికులకు గూడు ఇప్పటికీ దక్కలేదు

సిరిసిల్ల ప్రాంతంలోని ఒక పల్లెలో డెబ్బై ఏళ్లు దాటిన నేత కార్మికుడు ఒకరున్నారు. ఆయన ఇంట్లో అటకపై ఓ రేకు పెట్టె ఉంది. అందులో అంచులు చినిగిన ఈఎస్‌ఐ కార్డు, పేరు సగం చెరిగిపోయిన గేటు పాసు, రెండు జీతం చీటీలు ఉన్నాయి. 1973లో ఇరవై ఏళ్ల వయసులో బొంబాయి రైలెక్కి వర్లీలోని ఒక మిల్లులో చేరారు. తొమ్మిదేళ్లు పని చేశారు. 1982లో సమ్మె మొదలయ్యాక ఆ గేటు ఆయనకు మళ్లీ తెరుచుకోలేదు. కొంతకాలం భివండిలో, ఆ తర్వాత సిరిసిల్లలో సాంచాలు నడిపి ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేశారు.

ఆయన పని చేసిన మిల్లు ఇప్పుడు లేదు. ఆ నేల మీద అద్దాల మేడలు లేచాయి. అందులో కొంత భాగం కార్మికుల ఇళ్లకు దక్కవలసి ఉందని ఎవరో చెప్పగా విని, ఆ పెట్టెను జాగ్రత్తగా దాచుకున్నారు. ‘ఇల్లు వచ్చినా ఏడున్నర లక్షలు ఏడ తేవాలె బిడ్డా’ అన్నది ఆయన మాట. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో, మిల్లు నేలలో కార్మికుడి వాటా ఎలా కరిగిపోయిందో తెలియాలంటే మూడున్నర దశాబ్దాల నాటి ఒక నిబంధన దగ్గరకు వెళ్లాలి. పాత పారిశ్రామిక వాడలను ఇళ్లకు, కార్యాలయాలకు మళ్లించే యోచన హైదరాబాద్‌లోనూ మొదలైనందున ఈ కథ మనకు దూరపుదేమీ కాదు.

రంగు మారితే ధర మారుతుంది

నగరానికి బృహత్ ప్రణాళిక వేసేటప్పుడు పటంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగు వేస్తారు. నివాసాలకు పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఉద్యానాలకు ఆకుపచ్చ. దీనినే జోనింగ్ అంటారు. ఊదా రంగు పడిన చోట ఫ్యాక్టరీ నడుపుకోవచ్చు గాని అపార్టుమెంటు కట్టడానికి వీల్లేదు. ఆ రంగును మార్చడమే భూ వినియోగ మార్పిడి.

వ్యవసాయ భూమికి ‘నాలా’ మార్పిడి చేయించిన వారికి ఇందులోని కిటుకు తెలిసిందే. నేల అదే, హద్దులు అవే. కాగితం మీద ఒక్క ఉత్తర్వు పడగానే గుంట ధర పెరిగిపోతుంది. మహానగరం నడిబొడ్డున అయితే ఆ పెరుగుదల ఊహకు అందనంతగా ఉంటుంది. ఈ పెరిగిన విలువ యజమాని కష్టం వల్ల వచ్చింది కాదు, ప్రభుత్వం చేసిన సంతకం వల్ల వచ్చింది. కనుక అందులో నగరానికి, అక్కడ బతికిన వారికి వాటా ఉండాలన్నది న్యాయమైన వాదన. ఆ వాటా ఎంత, దాన్ని ఎలా లెక్కగట్టాలి అన్న దగ్గరే అసలు పేచీ.

గిరణ్‌గావ్‌లో తెలుగు గడప

ముంబయిలో తొలి నూలు మిల్లుకు 1854లో కవాస్‌జీ నానాభాయ్ దావర్ అంకురార్పణ చేశారు. ఆ తర్వాత లాల్‌బాగ్, పరేల్, లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి, బైకుల్లా, శివ్‌డీ ప్రాంతాలు మిల్లులతో నిండిపోయాయి. మరాఠీలో గిరణీ అంటే మిల్లు. ఈ ప్రాంతమంతటికీ గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు అన్న పేరు స్థిరపడింది. మొత్తం 58 మిల్లులు, సుమారు 600 ఎకరాల నేల.

కార్మికుల్లో కొంకణ్, సతారా ప్రాంతాల వారే ఎక్కువ. వారి తర్వాత చెప్పుకోదగిన వారిలో మన కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల పద్మశాలీలు ఉన్నారు. చేనేతకు గిరాకీ పడిపోయినప్పుడల్లా బొంబాయి, షోలాపూర్, భివండి, సూరత్ బాట పట్టడం ఇక్కడ తరతరాలుగా ఉంది. అంతకుముందే నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనులకు వెళ్లిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపిందంటే మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

మిల్లు కూత వినిపించేంత దూరంలోనే చాళ్లు ఉండేవి. ఒక్కో గదిలో పదిమంది వరకు, పగటి పాళీ వారు లేచి వెళితే రాత్రి పాళీ వారు వచ్చి అదే చాపపై పడుకునేవారు. ఇరుకే గాని రైలు చార్జీ లేదు, నడిచి పనికి వెళ్లడమే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరం పడుతుంది.

సమ్మె తర్వాత మూతపడ్డ తలుపులు

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. సమ్మెను విరమిస్తున్నట్లు ఎవరూ లాంఛనంగా ప్రకటించలేదు. నెలలు గడిచేకొద్దీ కార్మికులు ఊళ్లకు చేరారు, యజమానులు పనిని మరమగ్గాలకు మళ్లించారు. భివండిలో సాంచాల మోత పెరగడానికి ఇదీ ఒక కారణం. నష్టాల్లో ఉన్న మిల్లులు కొన్నింటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. జాతీయ జౌళి సంస్థ చేతిలో ముంబయిలోనే 25 మిల్లులు ఉండేవి.

అప్పటికి యంత్రాలు పాతబడ్డాయి. వస్త్రం మీద లాభం లేదు. కాని కింద ఉన్న నేల బంగారం. పటంలో రంగు ఊదా కావడంతో యజమాని దాన్ని అమ్మలేడు, మిల్లును నడపలేడు. ఈ ముడి విప్పడానికే నిబంధన మార్చారు.

మూడు వాటాల సూత్రం

1991 మార్చిలో అమల్లోకి వచ్చిన ముంబయి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వది మిల్లు భూములకు సంబంధించినది. మూతపడిన మిల్లు నేలను ఇళ్లకు, వ్యాపారానికి వాడుకోవచ్చు. అందుకు ప్రతిగా ఆ నేలను పంచాలి. అయిదు హెక్టార్ల లోపు మిల్లయితే 33 శాతం ఉద్యానాలు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, 27 శాతం సామాన్యుల ఇళ్ల కోసం రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ మ్హాడాకు ఇవ్వాలి. మిగిలిన 40 శాతం యజమానిది. మిల్లు పెద్దదయ్యే కొద్దీ యజమాని వాటా తగ్గి మ్హాడా వాటా పెరుగుతుంది. స్థూలంగా చెప్పాలంటే నగరానికి ఒకటి, ఇళ్లకు ఒకటి, యజమానికి ఒకటి. అమ్మగా వచ్చిన సొమ్మును ప్రత్యేక ఖాతాలో వేసి కార్మికుల బకాయిలకు, మిల్లు ఆధునికీకరణకు వాడాలన్నది మరో షరతు.

కాగితం మీద చూస్తే ఇంతకన్నా న్యాయమైన పంపకం ఉండదు. నివాసం, ఉపాధి, ఊపిరి పీల్చుకునే చోటు, మూడూ అందులోనే ఉన్నాయి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ప్రభుత్వం నియమించిన బృందం కూడా విడివిడి ముక్కలుగా కాకుండా మిల్లు భూములన్నింటినీ కలిపి చూసి రోడ్లు, ఉద్యానాలు, ఇళ్లు ఏర్పాటు చేయాలనే దిశలోనే నివేదిక ఇచ్చింది.

అయితే మూడింట రెండు వంతులు వదులుకోవడానికి యజమానులు పెద్దగా ముందుకు రాలేదు. పాత షెడ్లను అలాగే ఉంచి మరమ్మతుల పేరిట లోపల వ్యాపారాలు తెరిచినవారున్నారు. మరికొందరు చేతులు కట్టుకు కూర్చున్నారు. పదేళ్లు గడిచాయి.

‘ఖాళీ భూమి’ అంటే ఏది?

2001 మార్చిలో మహారాష్ట్ర ప్రభుత్వం 58వ నిబంధనను సవరించింది. భూములు బయటకు రావడం లేదు కనుక యజమానులకు వెసులుబాటు ఇవ్వాలన్నది ప్రభుత్వ వాదన. సవరణలో మూడు వాటాల సూత్రం చెరిగిపోలేదు. శాతాలు కూడా అలాగే ఉన్నాయి. మారిందల్లా ఒక్కటే. పంపకం మిల్లు నేల మొత్తానికి కాదు, అందులో ఖాళీగా ఉన్న భూమికే వర్తిస్తుందన్నారు.

ఈ తేడా ఎంతటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. 12 ఎకరాల మిల్లు ఒకటి ఉందనుకుందాం. అందులో 9 ఎకరాల్లో షెడ్లు, గోదాములు. 3 ఎకరాలు ఖాళీ. పాత నిబంధన ప్రకారం 12 ఎకరాలనూ పంచాలి. నగరానికి దాదాపు 4 ఎకరాలు, సామాన్యుల ఇళ్లకు 3 ఎకరాల పైచిలుకు, యజమానికి 5 ఎకరాల లోపు వస్తుంది. కొత్త నిబంధన ప్రకారం పంచేది 3 ఎకరాలే. నగరానికి ఒక ఎకరం, ఇళ్లకు 32 గుంటలు. యజమానికి ఆ మూడెకరాల్లో వాటాతో పాటు షెడ్లున్న 9 ఎకరాలు కలిపి 10 ఎకరాలకు పైనే.

మిల్లు అంటేనే గోడ నుంచి గోడ వరకు షెడ్లు. ఖాళీ జాగా ఉండేది స్వల్పం. షెడ్లు కూల్చిన తర్వాత ఆ నేల ఖాళీదే కదా అని సామాన్యుడికి అనిపిస్తుంది. సరిగ్గా ఈ ప్రశ్నపైనే వివాదం కోర్టుకెక్కింది. బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు తీర్పు ఇచ్చింది. కూల్చివేత తర్వాత ఏర్పడే ఖాళీని కూడా పంపకంలో కలపాలన్నది ఆ తీర్పు సారం. యజమానులు, జాతీయ జౌళి సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసింది. సవరణ చెల్లుతుందని, కూల్చగా ఏర్పడిన ఖాళీ ‘ఖాళీ భూమి’ కిందకు రాదని తేల్చింది.

ఒక్క మాటకు ఏ అర్థం చెప్పుకోవాలన్న దానిపై వందల ఎకరాల తలరాత మారిపోయింది. పల్లెల్లో పట్టా కాగితంలో ఒక అక్షరం తప్పుపడితే తహసీల్దారు కార్యాలయం చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతారు. ఇక్కడ తప్పేమీ పడలేదు, రాసిన వారికి ఏం రాస్తున్నారో బాగా తెలుసునని అనుకోక తప్పదు.

రూ.702 కోట్ల నేల రూ.2,700 కోట్లకు

కోర్టుల్లో వాదనలు సాగుతుండగానే జాతీయ జౌళి సంస్థ 2005లో అయిదు మిల్లుల భూములను వేలం వేసింది. జూపిటర్ మిల్లుకు రూ.276 కోట్లు, అపోలోకు రూ.180 కోట్లు, ముంబయి టెక్స్‌టైల్ మిల్లుకు రూ.702 కోట్లు, కోహినూర్ మూడో నంబరు మిల్లుకు రూ.421 కోట్లు, ఎల్ఫిన్‌స్టన్‌కు దాదాపు రూ.442 కోట్లు పలికాయి. మొత్తం రూ.2,000 కోట్లు దాటింది. ఆ సొమ్ముతో కార్మికుల స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులు, సంస్థ బకాయిలు తీర్చారు. కొంతమందికి పాత బాకీ ముట్టిందనడంలో సందేహం లేదు.

కాగా రూ.702 కోట్లకు ముంబయి టెక్స్‌టైల్ మిల్లు నేలను కొన్న డీఎల్‌ఎఫ్, 2012లో దాన్నే లోధా సంస్థకు సుమారు రూ.2,700 కోట్లకు అమ్మింది. 17 ఎకరాలపై ఏడేళ్లలో సుమారు రూ.2,000 కోట్ల తేడా. ఒక్క స్థలంపై పెరిగిన విలువే అయిదు మిల్లుల వేలం మొత్తానికి సమానం. భూమి రంగు మార్చడంలో ఎంత విలువ దాగి ఉందో ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఉద్యోగాలొచ్చాయి.. ఎవరికి?

మార్పిడి వల్ల ఉపాధి రాలేదనడం సరికాదు. లోయర్ పరేల్ ఇప్పుడు ముంబయిలోని ప్రధాన వ్యాపార కేంద్రాల్లో ఒకటి. ఫీనిక్స్ మిల్లు పెద్ద మాల్‌గా మారింది, పాత పొగగొట్టం మాత్రం గుర్తుగా మిగిలింది. కమలా మిల్లు ఆవరణలో కార్యాలయాలు, హోటళ్లు వచ్చాయి. బ్యాంకులు, ప్రకటనల సంస్థలు, టీవీ చానళ్లు తరలివచ్చాయి. వేలాదిమందికి జీతాలు అందుతున్నాయి.

అయితే సాంచా నడిపిన చేతికి అక్కడ పని లేదు. కార్మికుల పిల్లలకు దొరికినవి ఎక్కువగా కాపలా, ఊడ్పు, సరుకు అందించే కొలువులు. మిల్లులో కార్మికుడికి భవిష్యనిధి, ఈఎస్‌ఐ ఉండేవి. ఈ కొలువుల్లో చాలావరకు కాంట్రాక్టరు దయ మీద నడిచేవే.

మరో చిక్కు ఉంది. పాత కార్మికుడు నడిచి పనికి వెళ్లేవాడని చెప్పుకున్నాం. కొత్త ఉద్యోగులు అక్కడ ఇల్లు కొనలేరు, దూరపు శివార్ల నుంచి లోకల్ రైళ్లలో వస్తారు. మిల్లుల కాలం నాటి రైల్వే స్టేషన్లు, ఇరుకు వంతెనలు ఆ తాకిడిని తట్టుకునేలా పెరగలేదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ కాలి వంతెనపై వర్షంలో తొక్కిసలాట జరిగి 23 మంది మరణించారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్లు ఆవరణలోని హోటళ్లలో మంటలు చెలరేగి 14 మంది బలయ్యారు. జోన్ మార్చినప్పుడు రోడ్డు, వంతెన, అగ్నిమాపక ఏర్పాట్లు కూడా మారాలి. నగరానికి రావలసిన 33 శాతం నేల పూర్తిగా వచ్చి ఉంటే వాటికి కొంత చోటైనా దొరికేది.

పదిమందిలో ఒక్కరికీ రాలేదు

మ్హాడాకు దక్కిన కొద్దిపాటి నేలలో కట్టిన ఇళ్లలో కొంత భాగం మిల్లు కార్మికులకు కేటాయించాలని నిర్ణయించారు. 1982 జనవరి 1 నాటికి గాని, ఆ తర్వాత గాని పనిలో ఉన్నవారు, లేదా వారి వారసులు అర్హులు. సుమారు లక్షా 75 వేల దరఖాస్తులు వచ్చాయి. ఇళ్లు చాలవు కనుక లాటరీ తీశారు.

2012 జూన్‌లో 6,925 ఇళ్లకు తొలి లాటరీ జరిగింది. 225 చదరపు అడుగుల ఇంటికి, అంటే మన లెక్కలో 25 గజాలకు, కార్మికుడు కట్టవలసింది రూ.7.5 లక్షలు. రేకు పెట్టె పెద్దాయన నోట వచ్చిన లెక్క ఇదే. నిజానికి ఆ తర్వాత అది ఇంకా పెరిగింది. 2016 మే నెలలో 2,634 ఇళ్లకు, 2020 మార్చిలో 3,894 ఇళ్లకు లాటరీ తీసినప్పుడు ధర రూ.9.5 లక్షలు. మధ్యలో 2016 డిసెంబరులో పన్వేల్ సమీపంలోని కోన్ వద్ద 2,417 ఇళ్లను రూ.6 లక్షల ధరకు కేటాయించారు. ఆ ఇళ్లను కొవిడ్ కాలంలో క్వారంటైన్ కేంద్రాలుగా వాడారు. మరమ్మతులు చేసి తాళాలు చేతికివ్వడానికి లబ్ధిదారులు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

నాలుగు విడతలూ కలిపితే 15,870 ఇళ్లు. అంటే దరఖాస్తుదారుల్లో పదింట ఒక వంతు కూడా లేదు. మిగిలిన సుమారు లక్షన్నర మంది అర్హతను తేల్చేందుకు మ్హాడా 2023 సెప్టెంబరులో పత్రాల స్వీకరణ మొదలుపెట్టింది. వారికి ముంబయికి దూరంగా కర్జత్ రైలు మార్గంలోని శేలు, వాంగణి ప్రాంతాల్లో ఇళ్లు ఇచ్చే ప్రతిపాదన వచ్చింది. దానిని వ్యతిరేకిస్తూ 2025 జూలైలో కార్మికులు, వారి వారసులు ఆజాద్ మైదానంలో నిరసన తెలిపారు. మిల్లు నేల ముంబయిలో ఉండగా ఇల్లు అంత దూరంలో ఎందుకన్నది వారి ప్రశ్న.

ఊళ్లకు తిరిగొచ్చిన మనవాళ్లది మరో అవస్థ. దరఖాస్తు గడువుల సంగతి సకాలంలో తెలియదు. ప్రకటనలు వచ్చేది అక్కడి పత్రికల్లో, మరాఠీలో. బద్లీ కార్మికులుగా, అంటే రానివారి స్థానంలో పని చేసిన వారికి సర్వీసు ధ్రువపత్రమే ఉండదు. మన పెద్దాయన మొదట కొంతకాలం బద్లీగానే పని చేశారు. తొలి విడతలో దరఖాస్తు పెట్టనే లేదు. ‘చదువుకున్నోళ్లకే తెల్వలేదు, మాకెవరు చెప్తరు’ అన్నారు. జిల్లాలో పత్రికా రచన చేస్తున్న మాలాంటి వారికి ఆ మాట తగలకపోదు.

హైదరాబాద్‌లో అదే ప్రశ్న

వరంగల్‌లో 1934లో వెలిసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఆ నేలలో ఇళ్ల స్థలాలు వచ్చాయి. అది ఒక్క మిల్లు వ్యవహారం. హైదరాబాద్‌లో తలపెట్టింది చాలా పెద్దది. బాహ్య వలయ రహదారి లోపలి పాత పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు వీలు కల్పించే విధానాన్ని రాష్ట్ర మంత్రివర్గం 2025 నవంబరులో ఆమోదించింది. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, సనత్‌నగర్ వంటి ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. కాలుష్యం వెదజల్లే పరిశ్రమలను నగరం బయటకు పంపి ఆ చోట ఇళ్లు, కొలువులు తేవాలన్నది ప్రభుత్వం చెప్పిన ఉద్దేశం. విలువైన భూములను చౌకగా కట్టబెడుతున్నారన్నది ప్రతిపక్షాల ఆరోపణ.

రాజకీయాల మాట అలా ఉంచి పద్ధతిని చూద్దాం. ముంబయి తొలి నిబంధన నేలలో వాటా అడిగింది. ఇక్కడ డబ్బు రూపంలో రుసుము అడిగారు. ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం లేదా 50 శాతం. రిజిస్ట్రేషన్ విలువకు, బహిరంగ మార్కెట్ విలువకు మధ్య ఎంత దూరం ఉంటుందో స్థలం కొన్న ప్రతివారికీ తెలుసు. రుసుముగా వచ్చిన సొమ్ము ఖజానాలో కలుస్తుంది, నేల మాత్రం ఉద్యానానికి గాని, పేదల ఇళ్లకు గాని విడిగా మిగలదు. ఆ వాడల్లో పనిచేసే వారిలో ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన వారు తక్కువేమీ కాదు. ఫ్యాక్టరీ బయటకు తరలితే వారు ఎక్కడ ఉండాలి, ఎంత దూరం ప్రయాణించాలి అన్నవి జోన్ మార్చక ముందే తేలవలసిన విషయాలు. ముంబయిలో అవి మేడలు లేచిన తర్వాత చర్చకు వచ్చాయి.

పత్రాలు భద్రం

ముంబయి మిల్లుల్లో పనిచేసి వచ్చిన వారు, మరణించిన వారి వారసులు పాత కాగితాలేవీ పారవేయరాదు. టికెట్ నంబరు లేదా టోకెన్ కాగితం, సర్వీసు ధ్రువపత్రం, ఈఎస్‌ఐ కార్డు, భవిష్యనిధి ఖాతా నంబరు, సెలవుల పుస్తకం, జీతం చీటీ, గ్రాట్యుటీ చెల్లింపు కాగితం వంటి వాటిని పనిచేసినట్లు రుజువులుగా పరిగణించారు. కార్మికుడు మరణించి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం తప్పనిసరి. ఇప్పటికే దరఖాస్తు చేసిన వారు రసీదు నంబరుతో బాంద్రా తూర్పులోని మ్హాడా కార్యాలయంలో అర్హత స్థితి తెలుసుకోవాలి. ఇల్లు ఇప్పిస్తామంటూ డబ్బులు అడిగే దళారుల చేతికి అసలు పత్రాలు ఇవ్వరాదు.

పెద్దాయన రెండో విడతలో తన దరఖాస్తు పెట్టించుకున్నారు. రసీదు కూడా ఆ రేకు పెట్టెలోనే ఉంది. ఏ లాటరీలోనూ పేరు రాలేదు.